రద్దీ దారిలో ప్రత్యేక వరుస

* ఎక్కువమంది ఎక్కిన వాహనానికి ఉచిత మార్గం, ఒంటరి కారుకు రుసుం
* అమెరికా, జకార్తా అనుభవాలు నేర్పుతున్న పాఠాలు
* విజయవాడ రహదారికి వర్తించేదెంత?

కోదాడ: సంక్రాంతి సమీపించిందంటే హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారి కిక్కిరిసిపోతుంది. నగరంలో స్థిరపడిన ఉద్యోగులు, విద్యార్థులు, కూలీలు ఒకేసారి స్వగ్రామాలకు పయనమవడంతో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్ల వద్ద వాహనాలు బారులు తీరుతాయి. ఆ బారులో ఒక్కరే కూర్చున్న కారూ ఉంటుంది. యాభై మందితో నిండిన ఆర్టీసీ బస్సూ ఉంటుంది. రెండూ ఒకే నిరీక్షణకు లోబడి అంగుళం అంగుళం ముందుకు జరుగుతాయి. రహదారిపై ఉన్న చోటును వాహనాల లెక్కన పంచాలా, మనుషుల లెక్కన పంచాలా అన్న ప్రశ్న ఇక్కడే తలెత్తుతుంది.

ఈ ప్రశ్నకు సమాధానం వెతికే ప్రయత్నం అమెరికాలో అర్ధ శతాబ్దానికి పైగా సాగుతోంది. ఎక్కువమంది ప్రయాణిస్తున్న వాహనాలకు ఒక వరుసను ప్రత్యేకించడం అందులో మొదటి మెట్టు. ఆ వరుసలో మిగిలిన చోటును రుసుం చెల్లించే వారికి అమ్మడం రెండో మెట్టు. మొదటి దానిని కార్‌పూల్ వరుస అనీ, రెండో దానిని ఎక్స్‌ప్రెస్ వరుస అనీ వ్యవహరిస్తారు. ఈ ప్రాంత గ్రామాల నుంచి వెళ్లి కాలిఫోర్నియా, వర్జీనియా రాష్ట్రాల్లో ఉద్యోగాలు చేస్తున్న తెలుగువారికి ఈ వరుసలు నిత్యానుభవం. వాటి పుట్టుక, పనితీరు, వైఫల్యాలు మన రహదారుల గురించి ఆలోచించేవారికీ ఉపయోగకరమైనవే.

లెక్క ఇదీ..

విశాలమైన రహదారిలో ఒక వరుస గుండా గంటకు సుమారు 2 వేల కార్లు సాఫీగా సాగగలవు. ఒక్కో కారులో ఒక్కరే ఉంటే ఆ వరుస గంటలో 2 వేల మందిని గమ్యం వైపు చేరవేస్తుంది. కారుకు ముగ్గురు చొప్పున ఎక్కితే 700 కార్లతోనే 2,100 మంది వెళ్లిపోతారు. యాభై మంది పట్టే బస్సులైతే నలభై చాలు. అప్పుడు వరుస దాదాపు ఖాళీగా కనిపిస్తుంది కానీ పని మాత్రం పూర్తిగా జరుగుతుంది.

రద్దీకి మరో దుర్లక్షణం ఉంది. వాహనాలు ఒక పరిమితి దాటి వచ్చి చేరితే వేగం పడిపోవడమే కాదు, గంటకు ఆ చోటును దాటిపోయే వాహనాల సంఖ్య కూడా తగ్గుతుంది. సరిగ్గా అవసరమైన వేళలోనే రహదారి తన శక్తిని కోల్పోతుంది. ఒక వరుసలోనైనా వాహనాల సంఖ్యను ఆ పరిమితికి లోబడి ఉంచగలిగితే, రద్దీ వేళలోనూ ఆ వరుస పూర్తి సామర్థ్యంతో పనిచేస్తుంది. ప్రత్యేక వరుసల వెనుక ఉన్న సూత్రం ఇంతే.

బస్సుతో మొదలు

అమెరికా రాజధాని వాషింగ్టన్‌కు ఉత్తర వర్జీనియా నుంచి వచ్చే షిర్లీ రహదారిపై 1969లో బస్సులకు ప్రత్యేక వరుసలు తెరిచారు. 1973 చివర చమురు సంక్షోభం ముంచుకొచ్చిన వేళ, నలుగురు అంతకంటే ఎక్కువమంది ఉన్న కార్లనూ వాటిలోకి అనుమతించారు. ఉదయం రాజధాని వైపు, సాయంత్రం శివార్ల వైపు దిశ మారే వరుసలు ఇవి. రద్దీ ఎటు ఉంటే దారి అటు తెరవడం అన్న ఆలోచన ఇందులో కీలకం.

ఇలాంటి వరుసల మీద రోడ్డుపై వజ్రాకారపు గుర్తు వేస్తారు. ఇద్దరుంటే చాలునా, ముగ్గురు తప్పనిసరా అన్నది ఆయా రహదారుల రద్దీని బట్టి నిర్ణయిస్తారు. చంటిబిడ్డ ఉన్నా ఒక మనిషిగానే లెక్క. కాలిఫోర్నియాలో నిబంధన ఉల్లంఘించి పట్టుబడితే జరిమానా కనీసం 490 డాలర్లు.

షిర్లీ రహదారి మరో ఆసక్తికరమైన అలవాటుకు దారితీసింది. నలుగురు లేనిదే ప్రత్యేక వరుస ఎక్కలేని కారు యజమానులు బస్టాపుల వద్ద ఆగి, తాము వెళ్లే దిక్కుకే వెళ్లవలసిన అపరిచితులను ఎక్కించుకోసాగారు. ఎక్కినవారికి ఖర్చు లేదు, ఎక్కించుకున్నవారికి కాలం కలిసివస్తుంది. డబ్బు చేతులు మారదు. ప్రభుత్వ ప్రమేయం లేకుండా 1970ల్లో మొదలైన ఈ పద్ధతి ఆ ప్రాంతంలో దశాబ్దాల పాటు కొనసాగింది.

ఉన్న వరుస లాక్కుంటే..

అన్ని ప్రయోగాలూ సఫలం కాలేదు. 1976 మార్చిలో లాస్ ఏంజెలెస్‌లోని శాంటా మోనికా రహదారిపై అధికారులు కొత్త వరుస నిర్మించకుండా, ఉన్న వరుసల్లోనే ఒక దానిని బస్సులకు, ముగ్గురున్న కార్లకు కేటాయించారు. మిగిలిన వరుసల్లో రద్దీ పెరిగింది. పక్కనే ఖాళీగా కనిపించే వరుసను చూసి వాహనదారులు ఆగ్రహించారు. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. పర్యావరణ ప్రభావంపై తగిన అధ్యయనం చేయలేదన్న కారణంతో న్యాయస్థానం ఆగస్టులో దానిని నిలిపివేయించింది. ప్రయోగం అయిదు నెలలకే ముగిసింది.

ఉన్నదానిని తీసుకోవడం కంటే కొత్తగా నిర్మించిన వరుసను ప్రత్యేకించడం సులభమన్న పాఠం నాటి నుంచి అమెరికా ఇంజినీర్ల మనసులో నాటుకుపోయింది. రహదారి విస్తరణ జరిగే ముందే, పెరిగే వరుస ఎవరి కోసమన్నది తేల్చుకోవాలన్నది దాని సారాంశం.

ఇద్దరా.. ముగ్గురా?

అదే లాస్ ఏంజెలెస్‌లో ఎల్ మాంటే బస్సు మార్గం 1973లో మొదలైంది. 1976 నుంచి ముగ్గురున్న కార్లనూ అనుమతించారు. మరింత మందికి మేలు చేయాలన్న ఉద్దేశంతో చట్టసభ 2000 జనవరి 1 నుంచి ఇద్దరుంటే చాలని సడలించింది. కార్లు వెల్లువెత్తి, అంతవరకు సాఫీగా సాగిన బస్సులు వాటి మధ్య చిక్కుకున్నాయి. ప్రయాణికుల నుంచి నిరసన రావడంతో అదే ఏడాది జులైలో రద్దీ వేళల్లో ముగ్గురి నిబంధనను తిరిగి తెచ్చారు.

విద్యుత్తు, హైబ్రిడ్ కార్లకు ఇచ్చిన మినహాయింపులదీ ఇదే కథ. కాలుష్యం తగ్గించే కార్లను ప్రోత్సహించేందుకు కాలిఫోర్నియా వాటికి స్టిక్కర్లు ఇచ్చి, ఒక్కరే ఉన్నా ప్రత్యేక వరుసలోకి అనుమతించింది. అటువంటి కార్లు పెరిగే కొద్దీ వరుస నిండిపోసాగింది. ఈ సౌకర్యం 2025 సెప్టెంబరు 30తో ముగిసింది. ఇచ్చిన ప్రతి మినహాయింపూ వరుసలో కొంత చోటును తినేస్తుందని ఈ రెండు ఉదంతాలూ చెబుతున్నాయి.

ఖాళీ చోటుకు వెల

నిబంధన కఠినమైతే వరుస ఖాళీ, సడలిస్తే కిటకిట. ఈ రెంటి మధ్య మార్గంగా రుసుం వచ్చింది. రద్దీ వేళకు ఎక్కువ, ఖాళీ వేళకు తక్కువ వెల ఉండాలని కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు విలియం విక్రీ 1950ల నుంచే వాదిస్తూ వచ్చారు. ఆయనకు 1996లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి ప్రకటించారు. ప్రకటన వెలువడిన మూడు రోజులకే ఆయన కన్నుమూశారు.

కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీలో 91వ నంబరు రహదారి మధ్యభాగంలో 16 కిలోమీటర్ల పొడవున నాలుగు కొత్త వరుసలు 1995 డిసెంబరు 27న ప్రారంభమయ్యాయి. ఇళ్ల ధరలు తక్కువగా ఉన్న రివర్‌సైడ్ ప్రాంతం నుంచి ఉద్యోగాలున్న ఆరెంజ్ కౌంటీకి నిత్యం తిరిగేవారి రద్దీని తగ్గించడం లక్ష్యం. ఆ రోజుల్లోనే అక్కడ నగదు వసూలు చేసే గది గానీ, అడ్డుకర్ర గానీ లేవు. కారు అద్దానికి అమర్చిన పరికరాన్ని గుర్తించి ఖాతా నుంచి రుసుం మినహాయించేవారు. తొలినాళ్లలో అది వేళను బట్టి పావు డాలరు నుంచి రెండున్నర డాలర్ల వరకు ఉండేది. ఎక్కువమంది ఉన్న కార్లకు రాయితీ ఇచ్చారు.

శాండియాగో నగరం మరో అడుగు ముందుకు వేసింది. 15వ నంబరు జాతీయ రహదారిపై 1988లో నిర్మించిన 13 కిలోమీటర్ల కార్‌పూల్ వరుసలు పూర్తిగా వినియోగం కాకపోవడంతో, 1996 డిసెంబరులో ఒంటరి కార్లకు నెలవారీ పాసులు అమ్మడం మొదలుపెట్టింది. 1998 నుంచి ప్రతి ఆరు నిమిషాలకు ఒకసారి రద్దీని కొలిచి రుసుం మార్చే పద్ధతి తెచ్చింది. మామూలుగా అర డాలరు నుంచి నాలుగు డాలర్లు, విపరీతమైన రద్దీలో ఎనిమిది డాలర్లు. కార్‌పూల్ వాహనాలకు ఉచిత ప్రవేశం యథాతథంగా కొనసాగింది. ఒంటరి కార్ల నుంచి వచ్చిన సొమ్ముతో అదే మార్గంలో కొత్త బస్సు సర్వీసు నడిపారు.

ఎలా పనిచేస్తుంది?

రోడ్డు కింద, పక్కన అమర్చిన పరికరాలు వరుసలోని వాహనాల సంఖ్యను, వేగాన్ని కొలుస్తుంటాయి. వరుస నిండుతున్న కొద్దీ రుసుం పెరుగుతుంది. ఖర్చు ఎక్కువనుకున్నవారు సాధారణ వరుసల్లోనే ఉండిపోతారు. ప్రవేశానికి ముందే సూచిక పలకపై వెల కనిపిస్తుంది. లోనికి వెళ్లాక అది మరింత పెరిగినా చూసిన వెలే వర్తిస్తుంది. కాలిఫోర్నియాలో వాడే పరికరానికి ఒకటి, రెండు, మూడు అంకెల మీట ఉంటుంది. కారులో ఎందరున్నారో డ్రైవరే అందులో సూచించాలి. అబద్ధమాడితే పోలీసుల కంట పడే ప్రమాదం ఉంది.

కార్‌పూల్ వరుసల్లోకి రుసుంపై ఒంటరి కార్లను అనుమతించిన చోట, రద్దీ వేళల్లో కనీస సగటు వేగం గంటకు 45 మైళ్లు, అంటే సుమారు 72 కిలోమీటర్లు ఉండాలని అమెరికా సమాఖ్య చట్టం నిర్దేశిస్తోంది. వేగం అంతకంటే పడిపోతూ ఉంటే రుసుం పెంచడమో, మినహాయింపులు తగ్గించడమో చేయాలి. డబ్బు కట్టించుకున్నవారు సేవకు హామీ ఇవ్వాలన్నది దీని ఉద్దేశం.

శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరాల్లో ఓక్లండ్ నుంచి మిల్పిటాస్ వరకు 880వ నంబరు రహదారిపై 2020 అక్టోబరులో ఇటువంటి వరుసలు వచ్చాయి. అక్కడ ముగ్గురుంటే ఉచితం, ఇద్దరుంటే సగం రుసుం, ఒక్కరే అయితే పూర్తి రుసుం. తెలుగు కుటుంబాలు ఎక్కువగా నివసించే ఫ్రీమాంట్ పట్టణం ఈ మార్గంలోనిదే.

ధనికుల దారి అన్న విమర్శ

రుసుం వరుసలు కలవారి సౌకర్యమేనన్న విమర్శ ఆది నుంచీ ఉంది. ఖరీదైన కారు పేరిట వాటిని లెక్సస్ వరుసలని ఎద్దేవా చేసేవారు. 2017 డిసెంబరులో వర్జీనియాలోని 66వ నంబరు రహదారిపై రద్దీ వేళ రుసుం మొదలైన వారంలోనే ఒక దశలో 40 డాలర్లకు చేరడం దేశవ్యాప్తంగా చర్చకు దారితీసింది. అంతకుముందు ఆ వేళల్లో ఆ దారిలోకి ఒంటరి కార్లకు సాధారణంగా ప్రవేశమే లేదనీ, ఇప్పుడు కొత్తగా అవకాశం కల్పించామనీ అధికారులు సమర్థించుకున్నారు.

ఇందుకు విరుగుడుగా లాస్ ఏంజెలెస్‌లో 2012, 2013లలో ప్రారంభమైన రుసుం వరుసల్లో అల్పాదాయ కుటుంబాలకు ఖాతా తెరిచే సమయంలో 25 డాలర్ల జమ ఇచ్చే ఏర్పాటు చేశారు. అయితే రాయితీ కంటే ముఖ్యమైనది వసూలైన సొమ్ము ఎటు పోతుందన్నది. అది అదే మార్గంలోని బస్సులకు వెచ్చిస్తే కారు లేనివారికీ ప్రయోజనం అందుతుంది. అలా కానప్పుడు విమర్శకు బలం చేకూరుతుంది.

ఒప్పందంలో చిక్కుముడి

91వ నంబరు రహదారి అనుభవం మరో హెచ్చరిక. రుసుం వరుసలను నిర్మించి నిర్వహించింది ప్రైవేటు సంస్థ. తన ఆదాయానికి గండి పడకుండా, పక్కనున్న ఉచిత వరుసలను ప్రభుత్వం విస్తరించరాదన్న షరతును ఒప్పందంలో రాయించుకుంది. ప్రమాదాల నివారణకు అదనపు వరుసలు నిర్మించబోతే 1999లో కోర్టుకెక్కింది. ఉచిత రహదారి ఇరుకుగా ఉన్నంత కాలం లాభం ఒకరిది, బాధ మరొకరిది అయింది. చివరకు ఆరెంజ్ కౌంటీ రవాణా సంస్థ 2003 జనవరిలో 20.75 కోట్ల డాలర్లు చెల్లించి ఆ వరుసలను కొనుగోలు చేయవలసి వచ్చింది. ఆ తర్వాతే విస్తరణకు మార్గం సుగమమైంది.

జకార్తాలో అద్దె ప్రయాణికులు

ఇండోనేసియా రాజధాని జకార్తా 1992 నుంచి ప్రధాన వీధుల్లో రద్దీ వేళ కారులో కనీసం ముగ్గురు ఉండాలన్న నిబంధన అమలు చేసింది. రుసుం లేదు, వరుస లేదు, వీధి మొత్తానికీ అదే నియమం. పేదరికం దానిలోంచి ఒక ఉపాధిని సృష్టించింది. వీధి మొదట్లో నిలబడి కొద్దిపాటి కిరాయికి కారెక్కే అద్దె ప్రయాణికులు పుట్టుకొచ్చారు. వారిని అక్కడ జాకీలు అంటారు. ఒక్కరే అయితే ఒక వేలు, తల్లీబిడ్డా అయితే రెండు వేళ్లు చూపి కార్లను ఆపేవారు. పసిబిడ్డలను ఎత్తుకుని రోడ్డు పక్కన నిలబడే తల్లుల దుస్థితి విమర్శలకు గురైంది. నిబంధన ప్రహసనంగా మారిందంటూ ప్రభుత్వం 2016 ఏప్రిల్‌లో తాత్కాలికంగా ఆపి, మే నెలలో రద్దు చేసింది.

తర్వాత జరిగింది ఎవరూ ఊహించనిది. రేమా హన్నా, గేబ్రియల్ క్రైండ్లర్, బెంజమిన్ ఓల్కెన్ అనే ఆర్థికవేత్తలు సెల్‌ఫోన్ల ద్వారా లభించిన వేగాల సమాచారాన్ని పరిశీలించి 2017లో సైన్స్ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. కిలోమీటరు ప్రయాణంలో జాప్యం ఉదయం వేళ 2.1 నిమిషాల నుంచి 3.1 నిమిషాలకు, సాయంత్రం 2.8 నిమిషాల నుంచి 5.3 నిమిషాలకు పెరిగింది. నిబంధన ఎన్నడూ లేని వీధుల్లోనూ రద్దీ పెరిగింది. దొడ్డిదారులు ఎన్ని ఉన్నా, ఆ నియమం నగరమంతటికీ మేలు చేస్తూ వచ్చిందని తేలింది. లోపమున్న నియమాన్ని సరిదిద్దకుండా తొలగిస్తే నష్టమే మిగులుతుందన్నది జకార్తా నేర్పిన పాఠం.

మన రహదారిపై..

మన జాతీయ రహదారుల టోల్ రుసుంలో వేళకు గానీ, లోపల కూర్చున్న మనుషుల సంఖ్యకు గానీ స్థానం లేదు. 2008 నాటి రుసుం నిబంధనలు వాహన రకాన్ని బట్టి మూల ధరలు నిర్ణయించాయి. కిలోమీటరుకు కారుకు 65 పైసలు, బస్సుకు, లారీకి 2 రూపాయల 20 పైసలు. ఏటా వీటిని సవరిస్తున్నారు. బరువైన వాహనం రోడ్డును ఎక్కువగా అరగదీస్తుంది గనుక దానికి ఎక్కువ వెల అన్నది ఇందులోని తర్కం. అరుగుదల లెక్కకు అది సరిపోతుంది. రద్దీ లెక్కకు మాత్రం తలకిందులవుతుంది. యాభై మందిని మోసే బస్సు ఒక్కరున్న కారు కంటే మూడు రెట్లకు పైగా చెల్లించి, అదే బారులో నిలబడుతుంది. ఆ భారం టిక్కెట్టులో కలిసి చివరకు ప్రయాణికుడి మీదే పడుతుంది.

2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి కావడంతో చిల్లర లావాదేవీల జాప్యం తగ్గింది. ఫాస్టాగ్ లేనివారు నగదుగా రెట్టింపు, యూపీఐ ద్వారా 1.25 రెట్లు చెల్లించాలన్న నిబంధన 2025 నవంబరు 15న అమల్లోకి వచ్చింది. అంతకుముందు అదే ఏడాది ఆగస్టు 15 నుంచి సొంత కార్లు, జీపులు, వ్యాన్లకు 3 వేల రూపాయలకు 200 ప్రయాణాల వార్షిక పాసు ప్రవేశపెట్టారు. బస్సులకు ఆ సౌకర్యం లేదు. ఫాస్టాగ్ గేటు దాటడాన్ని వేగవంతం చేస్తుంది గానీ, గేటు అవతల రోడ్డును వెడల్పు చేయదు. పండుగ రద్దీలో గేటు దాటిన వాహనం తర్వాతి ఊరి కూడలి వద్ద మళ్లీ ఆగుతుంది.

అయినా ప్రత్యేక వరుసల సూత్రం ఒకటి ఇక్కడ ఏటా తెలియకుండానే అమలవుతోంది. సంక్రాంతికి ముందు విజయవాడ వైపు, పండుగ తర్వాత హైదరాబాద్ వైపు ఎక్కువ గేట్లు తెరుస్తున్నారు. రద్దీ ఎటు ఉంటే దారి అటు తెరిచే షిర్లీ రహదారి పద్ధతికి ఇది చిన్న రూపం. పండుగ రోజుల్లో ఆ గేట్లలో ఒకదానిని బస్సులకు విడిగా ఉంచడం సాధ్యమా అన్నది పరిశీలించదగిన అంశం. దానికి కొత్త రోడ్డు అక్కర్లేదు. గేటుకు ముందు బస్సు విడిపోయేందుకు కొంత దూరం దారి, దానిని కాపాడే సిబ్బంది ఉంటే చాలు. లేకుంటే బస్సు గేటు వరకు చేరేలోపే బారులో చిక్కుతుంది.

కార్‌పూల్ విషయంలో మన చట్టం మరో అడ్డంకి. సొంత వాహనాల తెల్ల పలకతో కిరాయికి మనుషులను ఎక్కించుకోవడానికి మోటారు వాహనాల చట్టం అనుమతించదు. భద్రత, బీమా కారణాలతో ఈ నియమం అవసరమే. డబ్బు చేతులు మారని షిర్లీ తరహా ప్రయాణానికి మాత్రం అది అడ్డు రాదు.

విస్తరణకు ముందే తేలాలి

నాలుగు వరుసల హైదరాబాద్-విజయవాడ రహదారిని ఆరు వరుసలు చేయాలన్న ప్రతిపాదన ఉంది. రహదారి వెడల్పయిన కొద్దీ కొత్త వాహనాలు వచ్చి చేరి కొన్నేళ్లకు అది మళ్లీ నిండుతుందన్నది ప్రపంచవ్యాప్త అనుభవం. శాంటా మోనికా ఉదంతం ప్రకారం, ఒకసారి అందరికీ ఇచ్చిన వరుసను తర్వాత వెనక్కి తీసుకోవడం దాదాపు అసాధ్యం. అందువల్ల పెరిగే వరుసల్లో బస్సుకు, ఎక్కువమంది ఎక్కిన వాహనానికి రద్దీ రోజుల్లో ప్రాధాన్యం ఉండాలా లేదా అన్నది నమూనా దశలోనే తేలవలసిన విషయం. ఒప్పందాల్లో పక్క రోడ్ల అభివృద్ధిని అడ్డుకునే షరతులు లేకుండా చూసుకోవడమూ అంతే ముఖ్యం.

పండుగకు ఊరు చేరాలన్న ఆరాటం కారులో ఉన్నవారికీ, బస్సులో నిలబడినవారికీ ఒక్కటే. దారి పంపకంలో రెండోవారి లెక్క కూడా తీసుకున్నప్పుడే రహదారి అందరిదవుతుంది.

ముఖ్య ఘట్టాలు

1969: షిర్లీ రహదారిపై బస్సు వరుసలు.
1973: అవే వరుసల్లోకి నలుగురున్న కార్లు.
1976: శాంటా మోనికా ప్రయోగం, అయిదు నెలలకే విరమణ.
1992: జకార్తాలో ముగ్గురి నిబంధన.
1995: 91వ నంబరు రహదారిపై వేళను బట్టి రుసుం.
1998: శాండియాగోలో ఆరు నిమిషాలకోసారి మారే రుసుం.
2003: 91వ నంబరు రహదారి రుసుం వరుసలు ప్రభుత్వ సంస్థ పరం.
2016: జకార్తా నిబంధన రద్దు.
2021: మన జాతీయ రహదారులపై ఫాస్టాగ్ తప్పనిసరి.
2025: సొంత కార్లకు వార్షిక టోల్ పాసు.